మిగిలిన ఆ పది నిమిషాలు ఎవరివి?



ఈ నెల ఒక చిన్న వంటకం గురించి ఆలోచిద్దాం. రాత్రి పాలు పోసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే చల్లగా తినేసే ఓట్స్ గురించి. ఇప్పుడు ఆ పని కూడా సగం చేసిపెట్టిన ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఓట్స్, చియా గింజలు, ఎండు పండ్ల ముక్కలు, కొంచెం తీపి, అన్నీ కొలత ప్రకారం కలిపే ఉంటాయి. మనం పాలు పోసి మూత పెడితే చాలు. శాంటా క్లారాలో ఉద్యోగాలు చేసుకునే మన కుటుంబాల్లో చాలామందికి ఇది తెలిసిన సంగతే. విడి ఓట్స్ అంతకంటే చవక. ఆ ప్యాకెట్‌కు మనం ఎక్కువ డబ్బు పెట్టేది పొద్దున మిగిలే సమయం కోసం.

ఆ సమయం ఎంత? స్టవ్ ముందు నిలబడి కలియబెట్టడం, గిన్నె కడగడం తప్పితే పది నిమిషాలు మిగులుతాయనుకుందాం. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 50 వారాలు లెక్కేస్తే 2,500 నిమిషాలు. అంటే దాదాపు 42 గంటలు. మన ఆఫీసు భాషలో ఒక పూర్తి పని వారం. ఏటా ఒక వారాన్ని మిగుల్చుకుంటున్నాం. మరి ఆ వారం ఎక్కడికి పోతోంది? ఎవరి చేతిలో పడుతోంది? నా ప్రశ్న అదొక్కటే.

ముందుగా ఓట్స్‌కు ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. మనం వాడే రోల్డ్ ఓట్స్‌ను ఫ్యాక్టరీలోనే ఆవిరి పట్టి, రోలర్ల మధ్య అటుకుల్లా నొక్కుతారు. అందుకే మళ్లీ ఉడికించకపోయినా, పాలలోనో పెరుగులోనో ఐదారు గంటలు నానితే మెత్తబడతాయి. గింజను ముక్కలుగా కోసి అమ్మే స్టీల్ కట్ ఓట్స్ ఒక్క రాత్రికి అంత మెత్తబడవు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. నానేటప్పుడు చిక్కదనం వచ్చేది దాని వల్లే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని లేబుళ్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతి ఇచ్చింది. అర కప్పు, అంటే 40 గ్రాముల ఓట్స్‌లో సుమారు 4 గ్రాముల పీచు, 5 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ప్యాకెట్‌లో విడిగా చేర్చిన చక్కెర ఎంతో లేబుల్ మీదే రాసి ఉంటుంది, అది చూసుకుని కొనాలి. తీపి ఇష్టం లేనివాళ్లు పెరుగులో నానబెట్టి, పొద్దున ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టుకుంటే పెరుగన్నానికి దగ్గరి చుట్టంలా ఉంటుంది. మంచి ఆహారమే. కాబట్టి నేను అడిగేది ఓట్స్ మంచివా కావా అని కాదు.

ముందే సిద్ధం చేసుకోవడం సోమరితనమా?

మన అమ్మమ్మలు నాలుగింటికే లేచి రోట్లో పిండి రుబ్బి, పొయ్యి ఊది వండిపెట్టారు. ఆ జ్ఞాపకం మనల్ని ఓదారుస్తుంది, ఒక్కోసారి గుచ్చుతుంది కూడా. కష్టపడి వండితేనే ప్రేమ, ప్యాకెట్ చింపితే బద్ధకం అన్న మాట పైకి ఎవరూ అనకపోయినా, చాలామంది తల్లుల మనసులో అది మెదులుతూనే ఉంటుంది. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో చీకటితోనే లేచి ఇంటివారికి భోజనం సిద్ధం చేసే గుణవతి గురించి ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. అదే వచనంలో ఆమె తన పనికత్తెలకు కూడా వారి వంతు ఏర్పాటు చేసిందని ఉంది. అంటే ఆ ఇంట్లో పని అంతా ఆమె ఒక్కతే మోయలేదు. ఆ సంగతి మాత్రం మనకు అంతగా గుర్తుండదు.

యోహాను సువార్త 21వ అధ్యాయం చూడండి. శిష్యులు రాత్రంతా తిబెరియ సముద్రంలో వల వేసి ఏమీ పట్టలేకపోయారు. తెల్లవారేసరికి పునరుత్థానుడైన ప్రభువు ఒడ్డున నిలబడి ఉన్నాడు. వాళ్లు పడవ దిగేటప్పటికే నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. అలసిపోయి వచ్చినవాళ్లకు తయారుగా ఉన్న ఉదయ భోజనం అది. వాళ్లు పట్టిన చేపల్లో కూడా కొన్ని తెమ్మని ఆయన అడిగాడు. అందరూ తిన్న తర్వాతే పేతురుతో ఆ మాట మొదలుపెట్టాడు. తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు.

ఈ వరస గమనించారా? భోజనం ముందే సిద్ధమైంది కాబట్టి పేతురుతో మాట్లాడటానికి నెమ్మది దొరికింది. అక్కడ మిగిలిన సమయం, తనను ఎరుగనన్న ఒక స్నేహితుణ్ణి తిరిగి దగ్గరకు తీసుకోవడానికి ఖర్చయింది. సిద్ధంగా ఉన్న టిఫిన్ తప్పు కాదు. ఆ టిఫిన్ తర్వాత ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి.

రాత్రి దాచిన మన్నా

రాత్రి దాచి పొద్దున తినడం గురించి పరిశుద్ధ గ్రంథంలో ఒక స్పష్టమైన సందర్భం ఉంది. నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు అరణ్యంలో మన్నా దొరికింది. ఏ రోజుది ఆ రోజే కూర్చుకోవాలి, మరునాటికి మిగుల్చుకోకూడదని మోషే చెప్పాడు. కొందరు వినకుండా దాచుకున్నారు. తెల్లారేసరికి అది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం రెండింతలు కూర్చుకోమన్నారు. ఆ రాత్రి దాచినది పాడవలేదు, పురుగు పట్టలేదు.

మన్నా అదే. రాత్రి అదే. మారింది ఉద్దేశం ఒక్కటే. రేపు దేవుడు ఇస్తాడో ఇవ్వడో అన్న అనుమానంతో దాచినది కుళ్లింది. రేపు విశ్రాంతి దినం, ఇంటిల్లిపాదీ పని మాని దేవుని సన్నిధిలో కూర్చోవాలి అని దాచినది నిలిచింది. సిద్ధపాటును మెచ్చుకోవాలో అనుమానించాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి గీటురాయి నాకు కనిపించలేదు. మన సిద్ధపాటు ఎవరికైనా విశ్రాంతిని ఇస్తోందా? లేక ఇంకో పనికి చోటు చేస్తోందా?

మన ఇళ్లలోనూ రాత్రి నానబెట్టి పొద్దున తినడం కొత్త కాదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి కుండలో ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిని పొలానికి వెళ్లేవారు. అది చద్దన్నం. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు పాలేర్లు, కూలీలు. వాళ్లు చద్దన్నం తిన్నది వేడి అన్నం వండుకునే వెసులుబాటు లేక. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ కరువు వెనుకనే. పొద్దున్నే కడుపులోకి ఏదో ఒకటి వెళ్లడమే గొప్ప కృప అయిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. కాబట్టి ఫ్రిజ్‌లో ఉన్న ఆ గాజు జార్ ముందు మొదట కృతజ్ఞత చెప్పాలి. ప్రశ్నలు తర్వాత.

పెద్దల మాట చద్దిమూట అంటారు కదా. ప్రయాణమయ్యేవాడికి ఇంట్లోవాళ్లు కట్టి ఇచ్చేది చద్దిమూట. రేపు దారిలో వాడికి ఆకలేస్తుందని ఈ రాత్రే ఎవరో తలుచుకోవడం. రాత్రి సిద్ధపాటుకు మన భాషలో ఉన్న పాత అర్థం ఇంకొకరి ఉదయాన్ని తలుచుకోవడమే.

ఉదయపు తిండికి, విశ్వాసానికి ఉన్న పాత చుట్టరికం

అమెరికాలో డబ్బాల్లో వచ్చే ఉదయపు ధాన్యాల చరిత్ర తిరగేస్తే, అది సగం సంఘ చరిత్రే. 1830 దశకంలో ముడి గోధుమ పిండిని ప్రచారం చేసిన సిల్వెస్టర్ గ్రాహం ప్రెస్బిటేరియన్ సేవకుడు. 1863లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు గ్రాహం పిండితోనే 'గ్రాన్యులా' అనే గట్టి పలుకులు తయారు చేశాడు. అవి ఎంత గట్టివంటే, రాత్రంతా నానబెడితే గానీ నమలడం కుదిరేది కాదు. అంటే తయారుచేసి అమ్మిన మొదటి ఉదయపు ధాన్యం కూడా రాత్రి నానబెట్టి తినేదే! తర్వాత మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో సెవెంత్ డే అడ్వెంటిస్టుల ఆరోగ్యశాలను నడిపిన జాన్ హార్వీ కెల్లాగ్ ఈ దారినే పట్టాడు. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో బిర్కర్ బెన్నర్ అనే వైద్యుడు తన రోగులకు పన్నెండు గంటలు నానిన ఓట్స్‌లో తురిమిన ఆపిల్, నిమ్మరసం, గింజపప్పులు కలిపి పెట్టాడు. మనం ఈరోజు తినే ఓవర్‌నైట్ ఓట్స్‌కు దగ్గరి పూర్వీకుడు అదే.

వీళ్లెవరూ సమయం మిగుల్చుకోవడానికి నానబెట్టలేదు. శరీరం దేవుడిచ్చినదని, ప్రకృతి నియమాలను పాటించాలని వాళ్ల పట్టుదల. అందులో అతి కూడా ఉంది. ఫలానాది తింటేనే పవిత్రులమన్నంత దూరం కొందరు వెళ్లారు. భోజనం మనల్ని దేవునికి దగ్గర చేయదని పౌలు కొరింథీయులకు రాసిన సంగతి వాళ్లూ మరిచారు, ఆరోగ్యం పేరుతో మనమూ ఒక్కోసారి మరుస్తాం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఉదయం ఎలా మొదలవుతుందన్నది ఆత్మకు సంబంధించిన విషయమని వాళ్లు నమ్మారు. కాలక్రమంలో కంపెనీలు ఆ ఆలోచనను పక్కనపెట్టి, త్వరగా అయిపోతుందన్న ఒక్క మాటనే ప్యాకెట్ మీద మిగిల్చాయి. 1877లో నమోదైన ప్రసిద్ధ ఓట్స్ గుర్తు మీద క్వేకర్ వేషంలో ఒక మనిషి ఉంటాడు. ఆ కంపెనీకి క్వేకర్ల సంఘంతో ఏ సంబంధమూ లేదు. నిజాయితీకి పేరున్న విశ్వాసుల పేరు మాత్రం వాడుకున్నారు.

ఖాళీ దొరికితే ఎవరు తీసుకుంటారు?

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకు షెడ్యూలర్ గురించి తెలుసు. ప్రాసెసర్ ఒక్క క్షణం ఖాళీ అయినా, వరుసలో ఉన్న పనుల్లో ప్రాధాన్యం ఎక్కువ ఉన్నదాన్ని తెచ్చి అది అక్కడ పెడుతుంది. ప్రాధాన్యం తక్కువైన పని అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. పెద్ద పనులు వస్తూ ఉంటే దాని వంతు ఎప్పటికీ రాకపోవచ్చు. ఆ స్థితికి మా పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేరు 'స్టార్వేషన్', అంటే పస్తులుండి మాడిపోవడం. ఓట్స్ తిని మన కడుపు నిండుతోంది. పస్తులుంటున్నది ఎవరు?

మన ఉదయాన్నే తీసుకోండి. వేసవిలో శాంటా క్లారాలో ఉదయం 7:30 అయితే హైదరాబాద్‌లో రాత్రి 8 గంటలు. చలికాలంలో అక్కడ 9. ఆఫ్‌షోర్ టీమ్‌తో మాట్లాడటానికి మేనేజర్లు వెతికే సమయం సరిగ్గా ఇదే. గుంటూరులో అమ్మానాన్నలు అన్నం తిని, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునే సమయమూ ఇదే. పిల్లలు స్కూలుకు బయల్దేరే ముందు బూట్లు వెతుక్కుంటూ ఏదో చెప్పబోయే సమయమూ ఇదే. కుటుంబ ప్రార్థనకు ఉన్న సమయమూ ఇదే. ఓట్స్ పుణ్యమా అని మిగిలిన పది నిమిషాలు ఈ నాలుగింటి మధ్యలో పడతాయి. వీటిలో గట్టిగా మోగేది ఒక్క మీటింగే. అమ్మ పిలవదు, పని మీద ఉన్నాడేమో అనుకుంటుంది. పిల్లాడు తర్వాత చెబుదాంలే అని మరిచిపోతాడు. ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడతాడు గానీ బద్దలు కొట్టడు.

ఇది కొత్త అనుభవమూ కాదు. ఇంటి పనుల యంత్రాలు వచ్చినా అమెరికన్ తల్లుల పనిగంటలు అనుకున్నంత తగ్గలేదని రూత్ స్క్వార్జ్ కొవన్ అనే చరిత్రకారిణి 1983లో వచ్చిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో చూపించారు. బట్టలు ఉతకడం తేలికైతే ఎక్కువసార్లు ఉతకడం మొదలైంది. భర్త, పిల్లలు చేసే పనులను యంత్రాలు తీసుకుంటే, ఆ యంత్రాలను నడిపే పని ఆమెకు వచ్చింది. సౌకర్యం సమయాన్ని మిగులుస్తుంది, కానీ ఆ సమయానికి కావలి కాయదు.

షెడ్యూలర్లలో ఈ పస్తులకు ఒక పరిష్కారం ఉంది. ఒక పని ఎంతసేపు మౌనంగా వేచి ఉంటే, దాని ప్రాధాన్యాన్ని అంత పెంచుకుంటూ పోవడం. నాకు ఇది సువార్తకు చాలా దగ్గరగా కనిపిస్తుంది. ప్రేమంటే అరవనివాళ్ల వంతును మనమే గుర్తుపెట్టుకుని ముందుకు జరపడం.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో, కపెర్నహూములో ఇంటి ముందు పట్టణమంతా గుమిగూడిన రాత్రి తర్వాత, ఇంకా చీకటుండగానే యేసు లేచి ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడు. సీమోను, అతనితో ఉన్నవాళ్లు వెదుక్కుంటూ వచ్చి, అందరూ ఆయన కోసం వెదుకుతున్నారని చెప్పారు. మన ఫోన్ స్క్రీన్ మీద పొద్దున్నే కనబడే సందేశమూ దాదాపు ఇదే. ఆయన వెనక్కి వెళ్లలేదు. పక్క ఊళ్లకు వెళదామన్నాడు. జనం మీద ఆయనకు జాలి లేక కాదు. ఆ ఉదయం ఎవరిదో జనం లేవకముందే నిర్ణయమై ఉంది.

మిషన్ గంట

ఉదయం ఎవరిది అన్న ప్రశ్న మనం ఉంటున్న ఈ నేల మీద పాతదే, బాధాకరమైనది కూడా. శాంటా క్లారా యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న మిషన్ చర్చిని చాలామంది చూసే ఉంటారు. ఆ మిషన్ 1777 జనవరిలో మొదలైంది. అంతకుముందు ఈ లోయ ఓలోనీ ప్రజలది. కాలిఫోర్నియా మిషన్లలో స్థానికుల రోజును గంట నడిపించేది. ఫ్రెంచ్ నావికుడు లా పెరూజ్ 1786లో మాంటెరీ దగ్గర కార్మెల్ మిషన్‌ను చూసి, అక్కడి దినచర్యను రాసిపెట్టాడు. సూర్యోదయంతో లేవడం, ప్రార్థన, ఆరాధన. ఆ సమయంలోనే పెద్ద కాగుల్లో వేయించిన బార్లీ పిండితో 'అటోలే' అనే జావ ఉడుకుతుంది. తిన్న తర్వాత అందరూ పనిలోకి. ఆ మిషన్‌ను చూస్తే బానిసలతో నడిచే తోటలే గుర్తొచ్చాయని కూడా అతను రాశాడు.

ఆరాధన ఉంది, ప్రార్థన ఉంది, వేడి జావ కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే. ఆ ఉదయం తినేవాళ్లది కాదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు మిషన్ వదిలి వెళ్లే స్వేచ్ఛ లేదు, పారిపోతే సైనికులు వెనక్కి తెచ్చేవారు. మన ఆఫీసు ఒత్తిడిని వాళ్ల బాధతో పోల్చడం న్యాయం కాదు, నేను పోల్చడం లేదు. విశ్వాసులైన మనం అందులోంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. భక్తి ఉన్నంత మాత్రాన ఇంకొకరి ఉదయాన్ని మనం లాక్కోవడం లేదన్న హామీ ఏమీ లేదు.

ఎవరి రాత్రి ఖర్చవుతోంది?

అందుకే రెండో ప్రశ్న. పొద్దున పది నిమిషాలు మిగలడానికి రాత్రి ఎవరి పది నిమిషాలు ఖర్చవుతున్నాయి? చాలా ఇళ్లలో రాత్రి పదింటికి గిన్నెలు సర్దాక, నలుగురికీ నాలుగు జార్లు వరుసగా పెట్టి పాలు పోసేది ఒక్క మనిషే. ఎక్కువగా తల్లి. లేదంటే ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మమ్మో, నానమ్మో. పని మాయం కాలేదు. పొద్దుటి నుంచి రాత్రికి జరిగింది, అందరి నుంచి ఒకరి మీదికి జరిగింది. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు ఒకరి భారాలు ఒకరు మోయాలంటాడు. రెండు మూడు వచనాల తర్వాత ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటాడు. ఆ రెండూ వంటింట్లో ఎలా కుదురుతాయో ఓట్స్ జార్ చూపిస్తుంది. పాలు పోసి మూత పెట్టడం ఎనిమిదేళ్ల పిల్లాడికీ వస్తుంది, నలభై ఏళ్ల నాన్నకూ వస్తుంది. ఎవరి జార్ వాళ్లు నింపుకుని, అమ్మ జార్ మాత్రం వంతులవారీగా మిగతావాళ్లు నింపితే వచనం రెండు వైపులా నెరవేరుతుంది.

ఇల్లు దాటి చూస్తే ఇంకా దూరం వెళుతుంది ఈ లెక్క. మన సంఘాల్లో టీమ్‌లను నడిపేవాళ్లు ఉన్నారు. ఉదయం 8:30కు తీరిగ్గా ఓట్స్ తిని మనం మీటింగ్ పెడితే, వేసవిలో హైదరాబాద్‌లో రాత్రి 9 గంటలు. చలికాలంలో 10. అక్కడ ఒక చెల్లెలు బిడ్డను నిద్రపుచ్చే సమయం, ఒక తమ్ముడు మెట్రో దిగి ఇంటికి చేరే సమయం. మన ఉదయపు నెమ్మది వాళ్ల రాత్రి నుంచి వచ్చింది. ఇతరులు మనకు ఏం చేయాలని కోరుకుంటామో అదే వాళ్లకు చేయమన్న ప్రభువు మాటకు టైమ్ జోన్ మినహాయింపు లేదు. వారంలో ఒక రోజు మనమే మన సాయంత్రం కూర్చుంటే, వాళ్లకది మరుసటి ఉదయం అవుతుంది. కొన్ని సంగతులు మీటింగ్ లేకుండా రాసి పంపినా సరిపోతాయి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పొద్దుటి మీటింగ్ వద్దని చెప్పగలిగే స్థితి అందరికీ లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెదుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి అద్దె, పిల్లల స్కూలు, ఊళ్లో నాన్న మందులు అన్నీ ఆ 60 రోజుల మీద వేలాడుతుంటాయి. అలాంటి సహోదరుడికి మీ ఉదయాన్ని కాపాడుకోండి అని ఉపదేశం చేసి వెళ్లిపోవడం తేలిక. అది ప్రేమ కాదు. వద్దనగలిగినవాళ్లు, అంటే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, మేనేజర్లు, సీనియర్లు, వద్దనలేనివాళ్ల తరఫున ముందు నోరు తెరవాలి. ఒక్క మీటింగ్ అరగంట జరిగితే, మనకు తెలియని పది ఇళ్లలో ఉదయం మారుతుంది. ఆ స్థోమత దేవుడు మనకు ఇచ్చింది మన ఒక్కరి టిఫిన్ కోసం కాదు.

జార్ మూత పెట్టే ముందు

ఇంత చెప్పాక చేయాల్సింది చిన్నదే. ఓట్స్ పొద్దున అప్పటికప్పుడు నానవు. రాత్రే పాలు పోయాలి. మిగిలే పది నిమిషాలూ అంతే. పొద్దున లేచాక చూద్దాంలే అనుకుంటే, షెడ్యూలర్ తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి రాత్రి మూత పెట్టేటప్పుడే రేపటి పది నిమిషాలకు ఒక పేరు పెట్టండి. సోమవారం అమ్మ. మంగళవారం చిన్నది, దాని లెక్కల భయం. బుధవారం ఇద్దరూ కలిసి ఒక కీర్తన. గురువారం, ఉద్యోగం పోయి దిగులుగా ఉన్న ఆ సహోదరుడికి ఒక ఫోన్. శుక్రవారం ఏమీ చేయకుండా కిటికీ దగ్గర కూర్చోవడం కూడా మంచి పేరే. విశ్రాంతి కూడా దేవుడు ఆజ్ఞాపించినదే కదా.

శనివారం రాత్రి ఇంకో జార్ అదనంగా నింపండి. మన సంఘంలో కొత్తగా బిడ్డను కన్న తల్లి ఉంటుంది. నైట్ షిఫ్ట్ ముగించుకుని నేరుగా ఆరాధనకు వచ్చే నర్సు ఉంటుంది. నలుగురితో ఒక అపార్ట్‌మెంట్ పంచుకుంటూ, ఆదివారం టిఫిన్ మానేసి వచ్చే విద్యార్థి ఉంటాడు. ఆ జార్ వాళ్ల చేతిలో పెట్టండి. ఒడ్డున నిప్పులు రాజేసి ఎదురుచూసిన ప్రభువును నమ్మినవాళ్లం మనం. ఆయనలా ఎవరికోసమో ముందే లేవడం, లేదా ముందు రాత్రే తలుచుకోవడం మనకు తెలిసి ఉండాలి.

ప్రభువు మన రాత్రుల సిద్ధపాటును, మన ఉదయాల నెమ్మదిని దీవించును గాక. ఆమేన్.